విద్యార్థి తరగతిలో ఎదురు మాట్లాడితే టీచర్ ఏం చేయాలి?

అందరి ముందూ గొంతు పెంచితే గొడవ ముదురుతుంది. తోటివాళ్లు చూస్తుండగా ఏ పిల్లవాడూ తగ్గడు. తప్పు తనదేనని తెలిసినా పరువు కోసం ఇంకో మాట విసురుతాడు. అందుకే పాఠం ఆపకుండా అతని బెంచీ దగ్గరికి వెళ్లి, అతనికి మాత్రమే వినపడేలా చెప్పండి: "పుస్తకం తెరువు. బెల్లయ్యాక మాట్లాడుకుందాం." చెప్పగానే అక్కణ్నించి కదలండి. నిలబడి చూస్తూ ఉంటే అది సవాలు విసిరినట్టే.

బెల్లయ్యాక తప్పకుండా మాట్లాడాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే. తలుపు తెరిచే ఉంచండి, ఐదు నిమిషాలు చాలు. ముందు అతను చెప్పేది పూర్తిగా వినండి. తర్వాత "నీకు పొగరు" అనకుండా "నేను చెబుతుంటే మూడుసార్లు అడ్డొచ్చావు" అనండి. మొదటి మాటకు అతను చేయగలిగిందేమీ లేదు, రెండోదాన్ని రేపే మార్చుకోగలడు. ఇంటి సంగతులు, తోబుట్టువులతో పోలికలు అస్సలు ఎత్తకూడదు.

పొరపాటు మీదైతే, ఉదాహరణకు మార్కులు తప్పుగా కూడి ఉంటే, మర్నాడు అదే తరగతిలో ఒప్పుకోండి. అందరిలో అన్న మాటను చాటుగా వెనక్కి తీసుకుంటే చెల్లదు.

బెదిరింపుల దాకా వెళ్తే మాత్రం ఒంటరిగా తేల్చుకోవద్దు. ఆ రోజే హెడ్‌మాస్టరుకు రాసివ్వండి: సమయం, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, మీ అభిప్రాయం కలపకుండా.