ఆ నవ్వు సంగతి నీకు ముందే చెప్పాలి

అచ్చంపేట,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయిన ఫోన్ చేశాడు. "మన పిల్ల సిస్టర్లకే ట్రైనింగ్ ఇస్తుందట, చెంచుల విషయంలో" అని గొంతు పెంచి మరీ చెప్పాడు. సంతోషమైంది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ముప్పై మూడేళ్లు ఈ నల్లమల అంచున ఊళ్లు తిరిగే నర్సుగా, అదే ఏఎన్‌ఎంగా పనిచేసిన మేనత్తను ఇక్కడ పెట్టుకుని, నాకు ఒక్క మాట చెప్పలేదు నువ్వు. సరే, ఆ లెక్క నువ్వు ఇంటికి వచ్చినప్పుడు చూసుకుంటాను.

మీ నాయిన వాట్సాప్‌లో పంపిన నీ కాగితాలు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాను. న్యూజిలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు గురించి రాశావు చూడు, అది బాగుంది. 1980ల చివర్లో ఆమె, ఆమెతోటి మావోరీ నర్సులు కల్చరల్ సేఫ్టీ అని, అంటే వేరే సంస్కృతివాళ్లకు కించపాటు లేని వైద్యం అందాలని, ఈ సంగతి లేవనెత్తారు. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సుల చదువులో, కాన్పులు చేసేవాళ్ల చదువులో తప్పనిసరి చేసింది. అవతలివాళ్ల ఆచారాలు బట్టీ పట్టడం కంటే, తన చేతిలో ఎంత పెత్తనం ఉందో నర్సుకు తెలియడం ముఖ్యమని ఆమె మాట. వైద్యం భద్రంగా జరిగిందా లేదా అన్నది చేయించుకున్నవాళ్లే చెప్పాలట. ఆ పేజీ ఉంచు. దాని తర్వాత "చెంచుల ఆహారం", "చెంచుల వేషధారణ" అని వరసపెట్టి స్లైడ్లు పెట్టావు, అవి తీసెయ్. ముందు పేజీలో చెప్పినదాన్ని వెనక పేజీల్లో నువ్వే కొట్టేశావు. ఇప్పపూవు, తేనెపట్టు ఫోటోలు వేస్తే సిస్టర్లు వాటిని ఫోన్లో తీసుకుని భోజనానికి లేస్తారు. సోమవారం డ్యూటీలో ఏం మారుతుంది?

దేశంలో మరీ వెనకబడిన గిరిజన తెగలని సర్కారు గుర్తించిన 75 పీవీటీజీల్లో చెంచులు ఒకరని చెప్పడానికి అరగంట పెట్టుకున్నావు. 2023లో ఆ తెగల కోసం పీఎం జన్‌మన్ పథకం వచ్చినప్పటి నుంచి ఆ మాట మీటింగుల్లో విని విని వాళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది. ఒక్క నిమిషం చాలు. రివ్యూ మీటింగు ఉన్న రోజు ట్రైనింగ్ పెట్టకు. ఆశాలకు బస్సు ఛార్జీలు అదే రోజు చేతిలో పెట్టు. చైత్ర పున్నమి దగ్గర అసలే వద్దు, అడవిలో జరిగే సలేశ్వరం జాతరలో పెంటల (చెంచుల గూడేల) వాళ్లకు క్షణం తీరిక ఉండదు. ప్రారంభోత్సవంలో చెంచు పిల్లలతో డాన్స్ చేయించావంటే మాత్రం నేనే వచ్చి మైకు లాక్కుంటాను.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఇది మీ నాయినకు కూడా చెప్పలేదు.

1989 వానాకాలం. ఆ పెంట పేరు రాయను. నొప్పులు మొదలై రెండో రోజయినా కాన్పు కాలేదని కబురొచ్చింది. వెళ్లి చూస్తే పిల్ల సన్నగా, చెమటలో తడిసి, గుడిసె గుంజను పట్టుకుని నిలబడి ఉంది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు, అక్కడి నుంచి జీపు. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. దవాఖానలో అడుగుపెట్టేదాకా నేను చేసిందంతా మంచి పనే బిడ్డా, ఆ మాట నాకు నేనే చెప్పుకుంటుంటాను.

కాన్పుల గది బయట డ్యూటీ సిస్టరు రిజిస్టరు తెరిచింది. పేరు? నేను చెప్పాను. వయసు? ఇరవై రాసుకోమని నేనే అన్నాను. ఎన్నో కాన్పు? "రెండోది" అన్నాను. నేను ఎరిగింది ఒక బిడ్డనే మరి. ఆ పిల్ల నా చెయ్యి గుంజి, మూడు వేళ్లు చూపించింది. సిస్టరు చూసి, "బిడ్డల లెక్క కూడా తెలీదా వీళ్లకు" అని నవ్వింది. పక్క బల్ల మీద కూర్చున్న ఆడవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానంటే, ఆ సిస్టరు నాకంటే సీనియరు. పైగా రాత్రంతా తడిసి ఉన్నాను, పని తొందరగా తెమలాలి. రిజిస్టరులో రెండు అనే పడింది.

ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. మూడో రోజు పొద్దున వెళ్తే మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టి ఉంది, దాని మీద దవాఖానలో ఇచ్చిన రొట్టె పొట్లం విప్పకుండా అలాగే ఉంది. చెప్పకుండా పారిపోయారని అందరూ తిట్టారు. నేనూ తిట్టాను. అంత కష్టపడి తెస్తే ఇదా అని.

ఆ తర్వాత పెంటకు పోతే ఎవరూ ఒక్క మాట అనలేదు. చాప వేశారు, దొప్పలో తేనె పెట్టారు. కానీ కడుపుతో ఉన్నవాళ్లు నేను వచ్చే రోజున అడవిలోకి గడ్డలకు పోయేవారు. చెంచులకు దవాఖాన అంటే భయమని నెలవారీ రిపోర్టులో రాసుకున్నాను.

రెండేళ్లకు ఆ పిల్లకు మళ్లీ కాన్పు. నాకు కబురు రాలేదు. బిడ్డ పుట్టాక మాయ (ప్లాసెంటా) పడలేదట. నేను తెలుసుకుని వెళ్లేసరికి అంతా అయిపోయింది. వాళ్లమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. ఏమంటుందోనని ఒణుకుతూ నిలబడ్డాను. మెల్లగానే చెప్పింది. నేను ఎరగని ఆ మొదటి బిడ్డ పుట్టినప్పుడు కూడా మాయ పడలేదు, రక్తం చాలా పోయింది, బిడ్డ దక్కలేదు. అది చెప్పడానికే మూడు వేళ్లు చూపించింది. "నువ్వు కూడా నవ్వినవమ్మా" అంది.

ఆ మూడు రిజిస్టరులో పడి, మొదటిసారి ఏమైందని ఎవరైనా ఒక్క ప్రశ్న వేసి ఉంటే, ఎర్ర సిరాతో రాసేవాళ్లం, తర్వాతి కాన్పు నెల ముందు నుంచే ఆమెను కనిపెట్టుకుని ఉండేదాన్ని. వాళ్లది మన తెలుగే బిడ్డా. చెంచులు మాట్లాడేది తెలుగే. అర్థం కానట్టు వాళ్ల తల మీదుగా మనం మాట్లాడుకుంటాం, వాళ్లేమో ప్రతి మాటా వింటూ ఉంటారు.

అందుకే నీ మూడు రోజుల ట్రైనింగ్‌లో ఒక పూట మొత్తం రిజిస్టరు దగ్గర ఖర్చు పెట్టు. ఒక సిస్టరు రాయాలి, ఒకరు పేషెంటుగా కూర్చోవాలి, ఒకరు తోడు వచ్చిన ఏఎన్‌ఎం. తోడు వచ్చిన మనిషి నోరు విప్పకూడదు. ఎంత కష్టమో వాళ్లకే తెలుస్తుంది, రెండో ప్రశ్నకే నాలుక దురద పెడుతుంది. పేషెంటు జవాబు చెప్పేదాకా ఆగాలి. ఆ ఆగడం నేర్పితే నీ జీతం గిట్టుబాటు అయినట్టే.

డాక్టర్ల కంటే ముందు వాచ్‌మన్‌ను పిలువు. ఓపీ చీటీ రాసే అబ్బాయిని, ఆయాను, 108 డ్రైవర్‌ను కూడా. అప్పాపూర్ నుంచో మల్లాపూర్ నుంచో వచ్చినవాళ్లకు దవాఖాన అంటే ముందు వీళ్లే. "మగవాళ్లు బయటికి" అని వాచ్‌మన్ అరిస్తే మొగుడు గేటు బయటే ఆగిపోతాడు, లోపల ఆ మనిషికి ఎవరూ లేనట్టే. రాత్రి అడవి దారిలో బండ్లు తిరగనివ్వరు, తోడు వచ్చినవాళ్లు ఎక్కడ పడుకోవాలో చెప్పే మనిషి ఒకరుండాలి. వార్డులో "ఆ చెంచామె", "మూడో బెడ్ చెంచుది" అనడం మానిపించు. పేరుంది కదా. మన వైపు "నువ్వు" అనడం తప్పేమీ కాదు, మీ తాతనూ మనం అలాగే పిలిచాం. "ఏయ్" అనకుండా అవ్వా, పెద్దయ్యా అంటే చాలు.

నల్లగొండ వైపు, దేవరకొండ, చందంపేట తండాలకూ ఇదే ట్రైనింగ్ తీసుకెళ్తావని మీ నాయిన అన్నాడు. ఇదే తీసుకెళ్లకు. లంబాడీల కష్టం వేరు. అక్కడ ముసలమ్మకు మన తెలుగు సగమే అర్థమవుతుంది, అన్నిటికీ తల ఊపుతుంది. గోలీలు ఎప్పుడు వేసుకోవాలో ఐదో తరగతి మనవడు చెప్తాడు, వాడి ముందు ఆమె ఆడవాళ్ల జబ్బు చెప్పుకోలేదు. "యాడీ" అని పిలిచే ఒక ఆశా పక్కన ఉండాలి. ఇంకో మాట, నీ ముందు కూర్చున్న సిస్టర్లలోనే లంబాడీ అమ్మాయిలు ఉంటారు. నువ్వు స్టేజీ మీద "వాళ్లు, వాళ్లు" అంటుంటే ఆ పిల్లకు ఎలా ఉంటుందో ఆలోచించు. నీ కాగితాల్లో "వాళ్లు" ఎన్నిసార్లు ఉందో పెన్సిలుతో గీతలు పెట్టాను. నలభై దాటాక ఆపేశాను.

పెంటల నుంచి ఇద్దరు పెద్దవాళ్లను పిలిస్తే డాక్టరుగారికి ఎంత ఇస్తారో వాళ్లకూ అంతే ఇప్పించు, వాళ్లకు ఒక రోజు అడవి పని పోతుంది. కుర్చీ వెయ్యి. చివర్లో వందన సమర్పణకు ముందు రెండు నిమిషాలు అని కాకుండా, పొద్దున మొదటి మాట వాళ్లదే చెయ్యి. వాళ్లకు మాట్లాడాలని లేకపోతే బలవంతం చెయ్యకు. ఏడిపించి పాఠం చెప్పించుకోవడం కూడా నవ్వడం లాంటిదే.

ఆ రోజు దవాఖానలో పుట్టిన ఆడపిల్ల గురించి అడుగుతావని తెలుసు. బతికే ఉంది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. మన్ననూరు సంతలో కనిపిస్తే పలకరిస్తుంది. పోయిన వారం బస్టాండులో కలిసినప్పుడు, మా ఏఎన్‌ఎంలకు ఎప్పుడైనా నాలుగు మాటలు చెప్తావా అని ఊరికే అడిగాను, నీ ట్రైనింగ్ సంగతి అప్పటికి తెలియదు. "చూద్దాం" అని పిల్లను ఎత్తుకుని బస్సెక్కింది. రానని అర్థం. నాకు తెలుసు. నువ్వు వెళ్లి మళ్లీ అడగకు.

నా సంగతి మాత్రం చెప్పుకో. పేరు కూడా చెప్పు, మా మేనత్త అని చెప్పు, నాకేం ఫర్వాలేదు. సిస్టర్లు నవ్వితే నవ్వనీ.

శనివారం వస్తావా? వస్తే నీ ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఆ స్లైడ్లు నా ముందే తీసేద్దువు గాని. జొన్నరొట్టె, గోంగూర చేస్తాను. మీ నాయినకు మోకాళ్ల నూనె పంపాలి, ఖాళీ సీసా తీసుకురా.

నీ అత్త