పదునైంది అంటే ఏమైనట్టు?

ప్రశ్న: వాన పడినాక మా నాయన చేను గట్టున నిలబడి "పదునైంది, గొర్రు కట్టండి" అంటాడు. కమ్మరాయనేమో "కొడవలికి పదును పెట్టినా" అంటాడు. తడిసిన మట్టికీ కత్తి వాడికీ ఏం సంబంధం సార్? సాన పట్టడం, నూరడం కూడా ఇదేనా?
– ఒక పాఠకుడు, కళ్యాణదుర్గం

జవాబు: నా లెక్కన మీ నాయన మాటలోనే అసలు అర్థం ఉంది. పదును అంటే ముందు వాడి కాదు, పనికి సరిగ్గా సిద్ధమైన స్థితి. మీకు కన్నడ సీమ పక్కనే కదా. మన 'ప' అక్కడ 'హ' అవుతుంది: పాలు హాలు, పులి హులి. అట్లే మన పదును వాళ్ల 'హద'. బెల్లం పాకానికీ హదే, దున్నే నేలకీ హదే.

చిన్నప్పుడు తాత వెంట కొలిమి కాడికి పోయేవాణ్ణి. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగగొట్టి, అంచు మాత్రం నీళ్లలో ముంచి తీసేవాడు. అంచు మీద రంగు పాకేది. ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనకే నీలం. కన్నార్పకుండా చూసి, చటుక్కున మళ్లీ ముంచేవాడు. తొందరపడితే అంచు పెళుసై విరుగుతుంది, ఆలస్యమైతే మెత్తబడి వంగుతుంది. ఆ నడిమి స్థితే ఆయన చెప్పే పదును.

చేన్లో తాత చూసేదీ అదే. పిడికెడు మట్టి ముద్ద చేసి వదిలేవాడు. ముద్ద కట్టకుంటే తేమ చాలదు, కిందపడినా విడకుంటే ఇంకా బురదే. ముద్దకట్టి, పడగానే పొడిపొడిగా విడితే విత్తనానికి వేళయినట్టు. ఎర్రనేలలో ఆ పదును ఎక్కువ రోజులు నిలవదు, అందుకే సెనక్కాయ విత్తేటప్పుడు అంత పరుగు. తోలును బాగుచేయడాన్నీ పదును చేయడమే అంటాం. తోలుకు వాడెక్కడిది?

సాన వేరు. సంస్కృత 'శాణ' నుంచి వచ్చిన రాతి పేరది. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు కదా, దొరికిన వజ్రానికి సాన పడతారు గానీ పదును పెట్టరు. నూరడమంటే రాతి మీద అరగదీయడం. కత్తయినా, మందయినా, పచ్చడయినా ఒకటే మాట.

కమ్మరుల దగ్గర ఈ తేడా ఇప్పటికీ బతికే ఉంది. సాన చక్రం మీద మరీ వేడెక్కి నీలం తిరిగిన కత్తికి వాడి ఉంటుంది, పదును ఉండదు. దాన్ని ఎంత నూరినా లాభం లేదు, మళ్లీ కొలిమిలో పెట్టాల్సిందే.