సీఎస్‌ఈ వద్దు, సివిల్ చదివి ఊళ్ళకు మంచినీళ్ళ పని చేస్తానంటోంది

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు ఊరు. మా అమ్మాయికి ఎంసెట్‌లో మంచి కాలేజీలో సీఎస్‌ఈ వచ్చే ర్యాంకే వచ్చింది. తను మాత్రం సివిల్ చదివి పల్లెల్లో మంచినీళ్ళు, మరుగుదొడ్ల పని చేస్తానంటోంది. వాళ్ళ నాయనమ్మ ఫ్లోరైడ్ నీళ్ళకు నడుం వంగిపోయిన మనిషి. ఆడపిల్ల సైట్ల వెంట తిరగగలదా, జీతం వస్తుందా అని మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, నాయనమ్మను చూస్తూ పెరిగిన పిల్ల ఇది. పక్కవాళ్ళను చూసి ఎంచుకున్న బ్రాంచి కాదు. అందుకే తన మాటను తేలిగ్గా తీసుకోవద్దంటాను.

ఈ పని సంగతి మీ జిల్లా పేరుతోనే చెప్పవచ్చు. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో ఒక పద్ధతి తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం కలిపి తిప్పి, మడ్డి అడుగుకు దిగాక పైనీళ్ళు తీసుకోవడమే. ఖర్చు తక్కువ. కానీ ఏ బోరు నీళ్ళకు ఎంత పటిక వేయాలో చూసుకోవాలి, రోజూ కలపాలి, రోజూ మడ్డి ఎత్తిపోయాలి. ఆ చేసే మనిషి లేకపోతే ఎంత మంచి పద్ధతైనా మూలన పడుతుంది. ఇప్పుడు మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, ఇంటింటికీ నల్లా ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ 2019లో మొదలైంది. పైపులు పడ్డాయి. కానీ వాటిని నడిపించే పని ఎప్పటికీ ఉంటుంది.

నేను చూసినదొకటి చెబుతాను. ఒక ఊళ్ళో చివరి వీధి నల్లా నీళ్ళు చిన్న గాజు గొట్టంలో పట్టి, క్లోరిన్ పరీక్ష చుక్కలు వేశారు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే నీళ్ళు పసుపు తిరగాలి. తిరగలేదు. ట్యాంకు దగ్గర పట్టిన నీళ్ళు మాత్రం చక్కగా తిరిగాయి. వాటర్‌మ్యాన్ వెంటనే కల్వర్టు కింద పైపు అతుకు చూపించాడు. అది కారుతోంది, పక్కనే మురుగు కాలువ. ఏ డ్రాయింగులోనూ లేని సంగతి అది. మీ అమ్మాయి అలాంటి మనిషి పక్కన నిలబడి నేర్చుకోవడానికి సిద్ధంగా ఉంటే ఈ రంగంలో నిలబడుతుంది.

మరుగుదొడ్లదీ ఇదే కథ. జంట గుంతల దొడ్డిలో ఒక గుంత నిండేదాకా రెండోదాని దారి మూసి ఉంచాలి. మేస్త్రీ రెండు దారులూ తెరిచి వదిలేస్తే రెండూ ఒకేసారి నిండుతాయి. ఇక ఆ ఇంట్లో దొడ్డి వంటచెరుకు పెట్టుకునే గదే. ఇలాంటివి ఇంట్లో ఆడవాళ్ళు తోటి ఆడమనిషికే విడమరిచి చెబుతారు. జల్ జీవన్‌లో నీటి పరీక్ష కిట్లకు ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వమన్నదీ అందుకే కాబోలు. మీ అమ్మాయి ఆడపిల్ల కావడం ఇక్కడ బలమే. సైట్లో ఇబ్బందులు లేవని మాత్రం చెప్పను. మొదటి ఉద్యోగం ఒప్పుకునేముందు బస, రాకపోకల ఏర్పాటు గట్టిగా అడగాలి.

ఇక జీతం. మొదటి రెండు మూడేళ్ళు సాఫ్ట్‌వేర్‌కు వెళ్ళిన స్నేహితులకంటే తక్కువే వస్తుంది, ఇది ముందే ఇంట్లో మాట్లాడుకోండి. గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) పోస్టులకు సివిల్ కావాలి. కానీ నోటిఫికేషన్లు ఏటా రావు, వాటినే నమ్ముకుని కూర్చోకూడదు. మూడో ఏడు నుంచే ఎం.టెక్. సీటుకు రాసే గేట్ పరీక్షకు చదవమనండి. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌కు విడిగా పేపరు కూడా ఉంది. గేట్‌తో ఎం.టెక్. సీటు వస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. ఆ డిగ్రీతో నీటిశుద్ధి, మురుగుశుద్ధి ప్లాంట్లు డిజైన్ చేసే కంపెనీల్లోనూ పని దొరుకుతుంది. కాబట్టి ఇంటి అవసరాలు పెరిగితే వెనక్కి రావడానికి దారి మూసుకుపోదు. స్వచ్ఛంద సంస్థల్లో పని బాగా నేర్పుతారు, జీతాలే ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి.

ఆ ర్యాంకుకు పేరున్న కాలేజీలోనే సివిల్ దొరకవచ్చు. బ్రాంచి మారినా కాలేజీ స్థాయి తగ్గించవద్దు. ప్రయోగశాల నడుస్తుందా, పిల్లల చేత నీటి పరీక్షలు చేయిస్తారా అన్నది సీనియర్లను అడిగి తెలుసుకోండి.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒక పొద్దున అమ్మాయిని మీ ఊరి వాటర్‌మ్యాన్‌తో పంపండి, మీరూ వెళ్ళండి. ట్యాంకు దగ్గర్నుంచి చివరి నల్లా దాకా నడవండి. ఇంటికొచ్చాక ఏం చూశావని అడగండి. తను చెప్పేది పూర్తిగా విని, ఆ సాయంత్రమే ఆప్షన్లు కలిసి పెట్టుకోండి.