అలకు శక్తి ఎక్కడిది?

ప్రశ్న: తాడు ఒక చివర కట్టేసి రెండో చివర ఊపితే అల పుడుతుంది. ఆ శక్తి తాడులో ముందే ఉంటుందా? గట్టిగా ఊపితే అల త్వరగా చేరుతుందా?

జవాబు: బిగించి కట్టిన తాడులో కొంత స్థితిశక్తి (సాగి ఉన్నందువల్ల నిల్వ ఉండే శక్తి) ఉన్న మాట నిజమే. కానీ దానంతట అది అలను పుట్టించదు. అల మోసుకుపోయే శక్తి అంతా మీ చెయ్యి చేసిన పనే. చెయ్యి తాడు మొదటి భాగాన్ని పైకి లాగుతుంది, ఆ భాగం పక్కదాన్ని లాగుతుంది. అలా ప్రతి భాగమూ తనకు అందిన శక్తిని పక్కకు ఇచ్చేసి తన చోటే నిలుస్తుంది. తాడుకు ఎర్ర దారం ముడి వేసి చూడండి. ముడి పైకీ కిందికీ ఆడుతుందే తప్ప అలతో పాటు సాగిపోదు.

గట్టిగా ఊపితే పెరిగేది అల ఎత్తు, వేగం కాదు. వేగాన్ని తేల్చేవి తాడు బిగువు, మీటరు తాడు ద్రవ్యరాశి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. మీటరుకు 100 గ్రాములు, అంటే 0.1 కిలో, తూగే తాడును 40 న్యూటన్ల బలంతో బిగిస్తే అల సెకనుకు 20 మీటర్లు పోతుంది, మెల్లగా ఊపినా గట్టిగా ఊపినా అంతే.

శక్తి లెక్క వేరు. ఇదే తాడును 5 సెం.మీ. కంపన పరిమితితో (మధ్య స్థానం నుంచి ఒక వైపుకు కదిలే గరిష్ఠ దూరం) సెకనుకు 5 సార్లు ఊపితే, అవతలి చివర తగిలి వెనక్కి వచ్చే అల చేతిని చేరేదాకా, సగటున సుమారు 2.5 వాట్లు ఇవ్వాలి. కంపన పరిమితి 10 సెం.మీ. చేస్తే 10 వాట్లు. అంటే ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలు. ఎత్తు మార్చకుండా పౌనఃపున్యం, అంటే సెకనుకు ఊపే సార్లు, రెట్టింపు చేసినా నాలుగింతలే.

ప్రశ్న: తరగతిలో చేసి చూశాం. గట్టిగా ఊపినప్పుడు అల నిజంగానే త్వరగా చేరింది. ఎందుకు?

జవాబు: గట్టిగా ఊపేటప్పుడు చెయ్యి తెలియకుండానే తాడును వెనక్కి కూడా లాగుతుంది. దాంతో బిగువు పెరిగి వేగం పెరుగుతుంది. ఈ ప్రయోగంలో అందరూ మోసపోయేది ఇక్కడే. బిగువును చేతికి వదలకండి. తాడు ఒక చివర కొక్కేనికి కట్టి, రెండో చివరను కప్పీ మీదుగా దించి 4 కిలోల బరువు వేలాడదీయండి. బిగువు 40 న్యూటన్లకు కాస్త తక్కువగా స్థిరపడుతుంది. నైలాన్ తాడు బరువుకు సాగి మీటరు ద్రవ్యరాశి మారిపోతుంది, అందుకే నూలు తాడు మేలు.

6 మీటర్ల ఎడంలో రెండు రంగు దారాలు కట్టండి. కొక్కేనికి జానెడు దూరంలో తాడును కర్రతో ఒక్కసారి కొట్టి, సెకనుకు 60 ఫ్రేముల చొప్పున ఫోన్‌లో వీడియో తీయండి. స్టాప్‌వాచ్ ఇక్కడ పనికిరాదు. అల ఒక దారం నుంచి రెండోదానికి 0.3 సెకన్లలోనే చేరుతుంది, బటన్ నొక్కే ఆలస్యమే దాదాపు అంత ఉంటుంది. వీడియోలో సుమారు 18 ఫ్రేములు లెక్కకు వస్తాయి. మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒక ఫ్రేము అటూ ఇటూగా అంతే.

ప్రశ్న: సముద్రపు అలలకూ భూకంప తరంగాలకూ శక్తి ఎవరిస్తారు?

జవాబు: మామూలు సముద్రపు అలలకు గాలి ఇస్తుంది, గాలికి సూర్యుడి వేడిమి ఇస్తుంది. భూకంపానికి సూర్యుడితో పనిలేదు. భూఫలకాల కదలికతో ఏళ్ల తరబడి వంగి ఒత్తిడికి లోనైన రాళ్లు ఒక్కసారిగా జారినప్పుడు, వాటిలో నిల్వ ఉన్న స్థితిశక్తిలో కొంత తరంగాలుగా బయటపడుతుంది. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు.

ప్రశ్న: గాలి తీసేసిన గాజు జాడీలో గంట మోగిస్తే శబ్దం రాదు. మరి ఆ శక్తి ఏమైనట్టు?

జవాబు: రాబర్ట్ బాయిల్ 1660లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇలాంటిదీ ఉంది. గంట లోపల కంపిస్తూనే ఉంటుంది, దాన్ని అందుకుని మోసుకుపోయే గాలి లాంటి యానకమే లేదు. గాలిలోకి పోవాల్సిన శక్తి గంటలోనే ఉండిపోయి, లోహంలోని అంతర్గత ఘర్షణ వల్ల మెల్లగా వేడిగా మారుతుంది. గాలిలో కన్నా కంపనం కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది కూడా. గాలి పూర్తిగా తీసినా చిన్న శబ్దం వినిపిస్తుంటే తప్పు పంపుదే అనుకోకండి. గంటను కడ్డీకి బిగించారేమో చూడండి. కంపనం కడ్డీ గుండా జాడీ గోడకు చేరి బయటికి వస్తుంది. సన్నటి దారానికో, మెత్తటి రబ్బరుకో వేలాడదీస్తే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.