మూడు భాషలతో పిల్ల తికమకపడిపోతుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పర్లాకిమిడి. పాపకి మూడేళ్ళు నిండాయి. ఇంట్లో తెలుగు, వీధిలో పిల్లలతో ఒడియా, కొత్తగా వేసిన నర్సరీలో ఇంగ్లీషు. "అమ్మా పాణి ఇవ్వు" అని (పాణి అంటే ఒడియాలో నీళ్ళు) కలిపేసి మాట్లాడుతోంది. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే పిల్ల కన్ఫ్యూజ్ అయిపోతుంది అంటోంది స్కూల్ మిస్. రోజంతా పాపని చూసుకునేది మా అత్తగారు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, గజపతి జిల్లా

జవాబు: తెలుగు మాత్రం మానకండమ్మా. మిస్‌ని కూడా తప్పుపట్టలేం, ఒకప్పుడు పెద్ద పెద్ద సైకాలజిస్టులే ఆ మాట అన్నారు. అమెరికాకి వలసొచ్చిన వాళ్ళ పిల్లలకి ఇంగ్లీషులో తెలివితేటల పరీక్షలు పెట్టి, మార్కులు తగ్గితే రెండు భాషల వల్లే బుర్ర మందగించింది అని తేల్చేశారు. ఇంట్లో పేదరికం చూడలేదు, పరీక్ష పెట్టిన భాష వాళ్ళకి సరిగ్గా వచ్చో రాదో కూడా చూడలేదు, ఇదేం లెక్కో! 1962లో కెనడాలో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు మాంట్రియల్‌లో పదేళ్ళ పిల్లల్ని ఆర్థిక స్థితి కూడా సరిచూసుకుని పోల్చారు, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చినవాళ్ళే ముందున్నారు. అక్కణ్ణుంచి గాలి మారింది. ఇప్పుడు రెండు భాషలొస్తే తెలివి పెరిగిపోతుంది అనేవాళ్ళూ తయారయ్యారు, దాని మీద ఇంకా వాదాలున్నాయి, మనకి అంత ఆశ అక్కర్లేదు, నష్టం లేదంటే చాలు.

అసలు మీ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని వాచకాలు రాశారు, నూరేళ్ళు దాటిపోయింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనో స్థానిక భాషలోనో చెప్పమంటోంది.

"పాణి ఇవ్వు" అనడం తికమక కాదు. నోటికి ముందొచ్చిన మాట వాడేస్తోంది, అంతే, మీరూ నేనూ "కరెంట్ పోయింది" అనమూ? అత్తగారిని కథలు, పాటలు, వంటింటి కబుర్లు అన్నీ తెలుగులోనే చెప్పనివ్వండి. రాని ఇంగ్లీషులో పిల్లతో "కమ్, సిట్, ఈట్" అంటే ఆ నాలుగు ముక్కలే వస్తాయి, కబుర్లు రావు.

ఒకటి మాత్రం చూసుకోండి. పాపకొచ్చిన మాటలు మూడు భాషలవీ కలిపి లెక్కపెట్టండి, ఒక్క తెలుగే చూసి తక్కువ అనుకోకండి. అలా కలిపినా రెండు మూడు మాటలు జతచేసి చెప్పకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా భాషల మీద నెట్టేసి ఊరుకోకుండా పిల్లల డాక్టరుకి చూపించి ముందు చెవి పరీక్ష చేయించాలి. మీరు రాసినదాన్ని బట్టి పాపకి ఆ ఇబ్బంది ఉన్నట్టు లేదు.