గణితం ఉన్న కథలు, నవలలు: లెక్క వచ్చిన చోట దాటేయొచ్చా?

పదో తరగతి లెక్కలతో ఆగిపోయినవాళ్ళు ఇలాంటి పుస్తకాలు చదవగలరా, ఎక్కడ మొదలుపెట్టాలి, లెక్క వచ్చిన చోట దాటేస్తే ఏమన్నా పోతుందా అని అడిగారు. చదవగలరు. దాటేస్తే మాత్రం చాలా పోతుంది. మంచి కథల్లో లెక్క అలంకారంగా రాదు, కథలో జరిగే సంఘటనే అది. దాన్ని వదిలేయడమంటే పెళ్ళికి వెళ్ళి తలంబ్రాల వేళకి బయటికి వచ్చేయడమే. పక్కన ఒక రఫ్ నోటు, పెన్సిలు పెట్టుకోండి, చాలు.

మొదట యోకో ఒగావా నవల. జపనీస్‌లో 2003లో వచ్చింది, ఇంగ్లీషులో పేరు 'ది హౌస్‌కీపర్ అండ్ ది ప్రొఫెసర్'. అందులోని లెక్కల ప్రొఫెసర్‌కి కొత్త జ్ఞాపకం 80 నిమిషాలకి మించి నిలవదు. పనిమనిషి పుట్టినరోజు ఫిబ్రవరి 20, అంటే 220. ఆయనకి బహుమతిగా వచ్చిన గడియారం మీది సంఖ్య 284. ఇక్కడ పుస్తకం మూసి 220 కారణాంకాలు రాయండి. జతలుగా రాస్తేనే ఏదీ తప్పిపోదు: 1×220, 2×110, 4×55, 5×44, 10×22, 11×20. ఇందులోంచి 220ని తీసేసి మిగిలిన పదకొండూ కూడితే 284 వస్తుంది. 504 వచ్చిందంటే 220ని తీయడం మర్చిపోయారన్నమాట. వరస తప్పి రాసేవాళ్ళు ఎక్కువగా 4, 55 జతని వదిలేస్తారు, అప్పుడు 225 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు 284కి చూడండి: 1, 2, 4, 71, 142. మొత్తం 220. ఒకదాని లోపలి ముక్కలు కలిస్తే రెండోది పుడుతోంది. ఏ సంబంధమూ లేని ఇద్దరి మధ్య ఆ క్షణంలో ఏం ముడిపడిందో చేత్తో కూడినవాళ్ళకి తెలిసినంతగా కళ్ళతో చదివినవాళ్ళకి తెలియదు. తర్వాత బేస్‌బాల్ ఆటగాడు ఎనాత్సు చొక్కా మీది 28 వస్తుంది. దానికీ ఇదే పద్ధతి: 1+2+4+7+14 మళ్ళీ 28 అవుతుంది.

రెండోది బ్రెజిల్ లెక్కల మాస్టారు మల్బా తహాన్ అనే కలం పేరుతో రాసిన 'ది మ్యాన్ హూ కౌంటెడ్' (1938). పిల్లలతో కలిసి చదవడానికి దీన్ని మించింది నాకు కనపడలేదు. అందులో 35 ఒంటెల పంపకం ఉంది: పెద్దవాడికి సగం, రెండోవాడికి మూడో వంతు, చిన్నవాడికి తొమ్మిదో వంతు. 35 అలా తెగదు. లెక్కల మనిషి తన స్నేహితుడి ఒంటెని అరువు తెచ్చి కలిపి 36 చేస్తాడు. 18, 12, 4 పంచితే 34. రెండు మిగులుతాయి! అరువు తెచ్చింది వెనక్కి వెళ్తుంది, ఇంకొకటి లెక్క తేల్చినవాడికి దక్కుతుంది. 17 ఏనుగుల పంపకంగా ఈ కథ చిన్నప్పుడు విన్నవాళ్ళు ఒకటే మిగలాలి కదా అని తికమకపడతారు. కిటుకు భిన్నాల్లో ఉంది. 2, 3, 9ల క.సా.గు. 18. ½, ⅓, 1/9 కలిపితే 9/18+6/18+2/18, అంటే 17/18. తండ్రి ఆస్తిలో పద్దెనిమిదో వంతు ఎవరికీ రాయలేదు. 35లో అది ఒక ఒంటె, ఇంకో 17/18 ఒంటె. ఆ 17/18 అన్నదమ్ములకి కాస్త కాస్త ఎక్కువగా ముట్టింది, పూర్తి ఒంటె మిగిలింది.

ఇలాంటి కథ మీరే కట్టాలంటే, కలిపితే ఒకటికి ఒక్క ముక్క తక్కువయ్యే భిన్నాలు ఎంచుకోండి. సగం, పావు, ఆరో వంతు తీసుకుంటే 11/12 అవుతుంది. 11 గేదెలకి ఒకటి కలిపితే 6, 3, 2 పంచి ఆ ఒక్కటీ తిరిగిచ్చేయొచ్చు. 23 గేదెలతో మొదలుపెడితే రెండు మిగులుతాయి. తెలుగువాళ్ళకి లెక్కని కథగా, పద్యంగా చెప్పడం కొత్త కాదు. మహావీరాచార్యులు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

మూడోది డాక్సియాడిస్ రాసిన 'అంకుల్ పెట్రోస్ అండ్ గోల్డ్‌బాక్స్ కంజెక్చర్'. ఇందులో ఇంగ్లండ్ గణితజ్ఞులు హార్డీ, లిటిల్‌వుడ్‌లతో పాటు మన రామానుజన్ కూడా కనిపిస్తాడు. 2 కన్నా పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనా అన్నది ఇందులో పెట్రోస్ అనే గణితజ్ఞుడు పట్టుకున్న సమస్య. 100కి ప్రయత్నించండి. 3+97తో మొదలై 47+53 దాకా ఆరు జతలు దొరకాలి. ఏడు వచ్చాయంటే 9+91 లాంటిది లోపలికి దూరి ఉంటుంది. 9 మూడుమూళ్ళు, 91 అంటే 7×13. 2000లో ప్రచురణకర్తలు రెండేళ్ళలో నిరూపించినవాళ్ళకి పది లక్షల డాలర్లు ఇస్తామన్నారు, ఎవరూ అందుకోలేదు. ఈ నవల చదివేటప్పుడు సమస్యని మీరే తేల్చేయాలని కూర్చోకండి. జతలు వెతుకుతూ 200 దాకా వెళ్తే చాలు, పెట్రోస్ జీవితం దేనికి ఖర్చయిందో అర్థమవుతుంది.

ఎడ్విన్ ఆబట్ 'ఫ్లాట్‌లాండ్' (1884) అందరూ ముందు చెప్తారు, నేను మాత్రం వెనక్కి పెడతాను. మొదటి సగమంతా ఆ చదును లోకపు కులవ్యవస్థ వర్ణనే, ఇంగ్లీషు కూడా పాతది. విసుగనిపిస్తే గోళం వచ్చే రెండో భాగం నుంచి చదివి, తర్వాత వెనక్కి రండి. ఒక బత్తాయిని అడ్డంగా పలచటి చక్రాలుగా కోసి వరసగా పేర్చుకోండి. చుక్క, పెరిగే వృత్తం, తగ్గే వృత్తం, మళ్ళీ చుక్క. ఆ లోకంలో ఉంటూ కథ చెప్పే చతురస్రం కంటికి గోళం కనపడేది అలాగే.

బోర్హెస్ 'బేబెల్ గ్రంథాలయం' (1941) కొన్ని పేజీల కథే అయినా చివరికి ఉంచుకోండి. ఒక్కో పుస్తకానికి 410 పేజీలు, పేజీకి 40 వరసలు, వరసకి సుమారు 80 అక్షరాలు. గుణిస్తే 13,12,000 స్థానాలు. ఒక్కో స్థానంలో 25 గుర్తుల్లో ఏదో ఒకటి. సాధ్యమైన ప్రతి కూర్పూ ఆ గ్రంథాలయంలో ఒక పుస్తకం కాబట్టి, పుస్తకాల సంఖ్య 13,12,000 ఇరవై అయిదుల్ని వరసగా రాసి ఒకదానితో ఒకటి గుణించినంత. అది 13,12,000×25 అనుకుంటే కథ చప్పబడిపోతుంది. ఆ సంఖ్య రాయాలంటేనే 18,34,098 అంకెలు కావాలి. అంటే అందులోని ఒక పుస్తకంలో పట్టదు, రెండోది తెరవాలి.