ఎర్ర పెన్ను జాగ్రత్త

చిన్నీ,

చెన్నై ఓఎమ్‌ఆర్ రోడ్డులో ఉద్యోగం మానేసి తెలుగు ఎంఏలో చేరతావని, పాఠాలు చెప్పుకుంటూ కవిత్వం రాసుకుంటానన్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. రాత్రంతా నిద్ర లేదు నాకు. మన ఇంట్లో నా తర్వాత ఇంకొకరు ఈ దారి పట్టారని సంతోషం, ఈ దారేమిటో తెలుసు గనక టెన్షన్.

ఎంఏ అయ్యాక కాలేజీలో చెప్పడానికి నెట్ పరీక్ష రాయి, బడిలో చెప్పాలంటే బీఎడ్, టెట్ తప్పవు. ఏడాది ఖర్చులకు డబ్బు చేతిలో పెట్టుకోకుండా రాజీనామా ఇచ్చావంటే మాత్రం ఊరుకోను. తమిళం రాయడం, చదవడం కూడా గట్టిగా నేర్చుకో. తమిళనాడు 2006 చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి మొదలై 2015-16కి పదో తరగతి దాకా తమిళం తప్పనిసరయింది, మా బడిలో తెలుగు పిల్లలు ఏటేటా తగ్గిపోవడం కళ్ళారా చూశాను.

కవి కె. శివారెడ్డి గారి పేరు చెప్పి మీ అమ్మను ఒప్పించావట. నిజమే, ఆయన హైదరాబాదులో కాలేజీలో ఇంగ్లిష్ చెబుతూనే రాశారు, 1990లో సాహిత్య అకాడమీ, 2018కి సరస్వతీ సమ్మాన్ వచ్చాయి. ఆ మధ్యలో ఎన్ని పేపర్ల కట్టలు దిద్ది ఉంటారో కూడా లెక్కేసుకో.

నా భయమంతా ఆ దిద్దడం గురించే. మీ అమ్మకు కూడా చెప్పని సంగతి ఒకటి చెప్తాను.

ఎనిమిదో తరగతిలో వ్యాసర్పాడి నుంచి వచ్చే పిల్లవాడొకడు ఉండేవాడు. ఒకరోజు నోటుబుక్కులోంచి చింపిన కాగితం తెచ్చి ఇచ్చాడు, ఆరు లైన్లు. 'మా అవ్వ నీళ్ళ లారీ కోసం నిలబడుకోనుండాది, బిందె కూడా నిలబడుకోనుండాది' అని మొదలు. నేను ఎర్ర పెన్ను తీసి రెండు చోట్లా కొట్టేసి 'నిలబడి ఉంది' అని రాశాను. అంతటితో ఆగానా, తప్పు అందరికీ తెలియాలని క్లాసులో పైకి చదివాను. పిల్లలు నవ్వారు. వాడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకుని కూర్చున్నాడు. మళ్ళీ ఏమీ తేలేదు.

ఆ రాత్రి నేను నా కవిత రాసుకున్నాను కూడా! ఇంట్లో మా అమ్మ 'అన్నం చల్లారిపోతా ఉండాది రా' అని పిలుస్తుంటే విసుక్కుంటూ. ఆ మాటా ఈ మాటా ఒకటేనని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి అమ్మ లేదు, ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో తెలియదు. నా పుస్తకాలు రెండూ తిరగేసి చూడు, వాటిలో మన ఇంటి మాట ఒక్కటీ ఉండదు.

పరీక్ష పేపరైతే దిద్దు, తప్పదు. పిల్లలు తమంతట తాము రాసి తెచ్చింది మాత్రం పెన్ను పక్కన పెట్టి వాళ్ళ చేతే చదివించుకుని విను. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో కూర్చుని ఎంతైనా చదువు, కానీ వారానికి ఒక రోజైనా మీ అమ్మ దగ్గర కూర్చుని ఆవిడ మాట్లాడేది రాసుకో. ఎంత తిన్నావో, ఎంత నిద్రపోయావో కూడా నాకు చెప్తూ ఉండు, చిక్కిపోయావని అత్తయ్య ఒకటే గొడవ.

ఆదివారం పెరంబూరు రా. నువ్వు రాసినవి తీసుకుని రా, చదివి వినిపించు.

మామయ్య